బొమ్మలో లేని నలభై ఏళ్లు

ఇంగ్లండులోని కెండాల్ ఊళ్లో, అబట్ హాల్ చిత్రశాలవారి పెద్ద తైలవర్ణ చిత్రం ఒకటుంది. 1646లో లేడీ ఆన్ క్లిఫర్డ్ వేయించుకున్న మూడు పలకల బొమ్మ. మధ్యలో కన్నవాళ్లు, చిన్నతనంలోనే పోయిన ఇద్దరన్నలు.

ఎడమవైపు ఆన్, 15 ఏళ్ల పిల్ల. పక్కన పుస్తకాలు, గోడమీద చదువు చెప్పినవాళ్ల పటాలు. ఆ ఏడే, 1605లో, తండ్రి పోయాడు. ఒక్కగానొక్క కూతురు బతికుండగా ఎస్టేటంతా తమ్ముడికి రాసి, ఈ పిల్లకి 15,000 పౌన్లు చాలన్నాడు! ఆన్ ఒప్పుకోలేదు. డబ్బు పుచ్చుకుని ఊరుకోమని భర్త పోరాడు. 1617లో సాక్షాత్తూ జేమ్స్ రాజే తీర్పు చెప్పినా తల వంచలేదు. చివరికి 1643లో, బాబాయి కొడుకు మగసంతానం లేకుండా పోయాకగానీ ఆస్తి ఆవిడ చేతికి రాలేదు.

కుడివైపు 56 ఏళ్ల ఆవిడ. పుస్తకాలు, కుక్క, పిల్లి. చూశారా, కట్టుకున్న ఇద్దరు భర్తలూ గోడమీద చిన్న పటాల్లో ఒదిగిపోయారు!

మరి మధ్య నలభై ఏళ్లూ ఏవీ? రెండు పెళ్లిళ్లు, పసివాళ్లుగానే పోయిన కొడుకులు, కోర్టు గొడవలు... ఏదీ లేదు. హక్కు పోయిన వయసూ, దక్కిన వయసూ, ఈ రెండే తనవని ఆవిడ లెక్కేమో అనిపిస్తుంది నాకు. 1676లో, 86వ ఏట పోయేదాకా తన కోటలు తనే బాగుచేయించుకుంటూ, ఆ పుట్టింటి గడ్డమీదే దర్జాగా బతికింది.