ఒకే కుర్చీ, రెండు లెక్కలు



జీతం రోజున మనం మొట్టమొదట చూసేది చేతికి ఎంత వచ్చిందన్నదే. ఆ తరువాత కోతలు చూస్తాం. యజమాని తన తరపున కట్టే డబ్బును మాత్రం ఎవరం పెద్దగా పట్టించుకోం. కాని అదీ జీతంలో భాగమే సుమండీ! అమెరికా ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య బీమా చరిత్ర చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, అక్కడి ప్రభుత్వం జీతాల పెంపుదలకు పగ్గం వేసింది. పనివాళ్ళేమో దొరకడం లేదు, జీతం పెంచే వీలు లేదు. అందుకని చాలా కంపెనీలు వైద్య బీమా ప్రీమియం మేం కడతామంటూ మనుషులను ఆకట్టుకున్నాయి. యుద్ధం అయిపోయినా ఆ అలవాటు నిలిచిపోయింది. చిత్రమేమిటంటే, ప్రభుత్వం మాత్రం తన గుమాస్తాలకూ, తపాలా ఉద్యోగులకూ అటువంటి వాటా కట్టలేదు. 1959 సెప్టెంబరు 28న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం పెట్టాకగాని వాళ్ళకా భాగ్యం పట్టలేదు. 1960 జూలై నుంచి అది అమలైంది.

అక్కడ జీతం రెండు వారాలకోసారి. ప్రతి జీతానికీ ప్రభుత్వం కట్టిన వాటా, ఒంటరి ఉద్యోగికి 1 డాలరు 30 సెంట్లు, కుటుంబం కలవారికి 3 డాలర్ల 12 సెంట్లు. ఇంతటితో ఆగితే బాగుండేది. ఉద్యోగి స్త్రీ అయి, భర్త ఆమె మీద ఆధారపడినవాడు కాకపోతే, కుటుంబం మొత్తానికి ఇచ్చేది 1 డాలరు 82 సెంట్లే!

ఆలోచించండి. పక్కపక్క బల్లల దగ్గర కూర్చుని ఒకే పని చేసే ఇద్దరు. ఇద్దరికీ ఇంట్లో ఇద్దరేసి పిల్లలు. ఆయనకన్నా ఆవిడకు ప్రతి జీతానికీ 1 డాలరు 30 సెంట్లు తక్కువ. ఏడాదికి 26 జీతాలు, అంటే 33 డాలర్ల 80 సెంట్లు. భర్తకు సంపాదన ఉందిగా అన్న ఊహే దీని వెనుక ఉన్నట్టు తోస్తుంది. సరే, మరి మగ ఉద్యోగి భార్య కూడా సంపాదిస్తుంటే? ఆ ప్రశ్న చట్టం అడగనే లేదు.

ఇంకో చిక్కు కూడా ఉండేది. ప్రభుత్వ వాటా కట్టుదిట్టంగా ఇన్ని సెంట్లని ఉండడంతో, ప్రీమియం పెరిగినప్పుడల్లా ఆ భారం ఉద్యోగి మీదే పడేది. 1970లో దానిని శాతంగా మార్చి, పెద్ద పథకాల సగటు ప్రీమియంలో నూటికి 40 వంతులు అన్నారు. అప్పటికి ఆడా మగా తేడా చట్టంలో లేదు. 1975 నాటికి అది 60 అయింది. 1997లో చేసిన చట్టం ప్రకారం 1999 నుంచి సగటు మీద 72 వంతులు, ఏ పథకానికైనా 75కు మించకుండా.

2016లో "తాను, మరొకరు" అనే తరగతి చేర్చారు. ఆ మరొకరు భర్త కావచ్చు, భార్య కావచ్చు, ఒక్కగానొక్క బిడ్డ కావచ్చు. ఉద్యోగి భార్యా భర్తా అన్న దాన్నిబట్టి ప్రభుత్వ వాటా మారదు.