తపసి బంక చెప్పిన సూత్రం

ప్రేగు శస్త్రచికిత్సలో పొట్టమీద తెరిచిన ద్వారాన్ని స్టోమా అంటాము. దానికి అమర్చిన సంచి కారడం పాత కష్టమే. ఒకప్పుడు రోగులు రబ్బరు సంచులను నడుముపట్టీతో బిగించుకునేవారు; అంచుల నుండి కారిన ద్రవానికి చర్మం పుండయ్యేది.

1950లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ రూపర్ట్ టర్న్‌బుల్ ఇందుకు కరాయా జిగురును వాడారు. మన నల్లమల చెంచులు సేకరించే తపసి బంక అదే. తడి తగిలితే ఉబ్బి, చర్మపు ఎగుడుదిగుడులలో ఒదిగి, సందులు పూడ్చడం దాని గుణం. 1958లో ఆయన, స్వయంగా స్టోమా గల నోర్మా గిల్‌కు రోగుల సంరక్షణ అప్పగించారు.

సందు లేకుంటే సంచి కారదు. ఈ సూత్రం నేటికీ మారలేదు. మారేది మీ శరీరం. బరువు పెరిగినా, తగ్గినా, గర్భం ధరించినా, స్టోమా పక్కన హెర్నియా వచ్చినా పొట్ట ఆకృతి మారి కొత్త సందులు ఏర్పడతాయి. కనుక కూర్చుని, నిలబడి, వంగి అద్దంలో పరిశీలించుకోండి. స్టోమాను మళ్ళీ కొలిచి, ఆ కొలతకే ప్లేటు రంధ్రం కత్తిరించండి. గుంటలకు రింగు, లోనికి దిగిన స్టోమాకు ఉబ్బెత్తు ప్లేటు ఉపకరించవచ్చు. స్టోమా నర్సు సలహాతోనే ఎంచుకోండి. కారుతున్న సంచిపై టేపు అంటించి సరిపెట్టుకోకండి, వెంటనే మార్చండి.