పున్నమి వెళ్ళిన మర్నాడు

2019 అక్టోబర్ 22, మంగళవారం. దీపావళి ఇంకా ఐదు రోజులుంది. కచ్చులూరు దగ్గర గోదావరి ఒడ్డున ఇనుప తాడు బిగుసుకుంది. 38 రోజులుగా నీటి అడుగున ఉన్న లాంచీ కొద్దికొద్దిగా బయటికొచ్చింది. పైకప్పు ఊడిపోయి, కమ్మీలు వంగిపోయి, ఒళ్ళంతా ఇసుకా బురదా నింపుకుని వచ్చింది. దాని పేరు రాయల్ వశిష్ఠ పున్నమి. సెప్టెంబర్ 15న అది నీళ్ళలోకి వెళ్ళినప్పుడు ఆకాశంలో పున్నమి వెళ్ళి ఒక్క రోజయింది.

ఈ కథ చివర ఏముందో మనకి ముందే తెలుసు. ఎక్కినవాళ్ళు 77 మంది. ఒడ్డుకి చేరినవాళ్ళు 26 మంది. ఈ రెండు అంకెలకీ నడుమ 51 మంది ఉన్నారు. ఆ 26 మందినీ నీళ్ళలోంచి లాగింది ఎవరో పేరున్న దళం కాదు. కచ్చులూరు జనం. కొండ కింద ఊరి జనం, నాటు పడవలున్న జనం. జీతం లేదు, శిక్షణ లేదు, ఒంటిమీద యూనిఫాం లేదు. నేను చెప్పాలనుకున్నది వాళ్ళ గురించే. కానీ వాళ్ళ పడవలు నీళ్ళలోకి దిగేదాకా రావాలంటే, ముందు ఆ పెద్ద పడవతోపాటు ఎదురు ప్రవాహంలో వెళ్ళక తప్పదు. మనసు వెనక్కి లాగుతూనే ఉంటుంది.

గండి పోచమ్మ గుడి రేవు. ఆదివారం ఉదయం. పాపికొండలకి వెళ్ళే ఎవరైనా ముందు అమ్మవారికి దణ్ణం పెట్టుకునే ఎక్కుతారు. హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి, తిరుపతి నుంచి, వరంగల్ పక్కనున్న కడిపికొండ నుంచి వచ్చారు. కుటుంబాలకి కుటుంబాలే వచ్చాయి. కడిపికొండ వాళ్ళే 14 మంది. ఒక ఊరి స్నేహితులు, ఒక వీధి పలకరింపులు, ఒకే లాంచీ. పొద్దున్నే టిఫిన్, మధ్యాహ్నం భోజనం, మైకులో పాటలు, పేరంటపల్లి గుడి, సాయంత్రానికి వెనక్కి. డెల్టాలో పుట్టిన ప్రతివాడికీ ఈ ప్రయాణం ఒక మొక్కు లాంటిది. బడిపిల్లల విహారయాత్ర అంటే అదే, కొత్త దంపతులకి అదే, దూరం నుంచి వచ్చిన చుట్టాలకి మనం గర్వంగా చూపించేదీ అదే. 'మా గోదారి చూడండి' అని పంపిస్తాం. అంత ప్రేమగా పంపిస్తాం.

గోదావరి రాజమహేంద్రవరం దగ్గర రెండున్నర కిలోమీటర్లకి పైగా పరుచుకుని ఉంటుంది. వంతెన మీద రైలు ఎంతసేపు వెళ్ళినా తరగదు. అదే నది పోలవరం పైన కొండల మధ్య దూరేటప్పుడు ఒళ్ళు కుదించుకుంటుంది. వెడల్పు తగ్గితే నీరు తగ్గదు, లోతుకి దిగుతుంది. ఆ రోజు నదిలో 5 లక్షల క్యూసెక్కులకి పైగా ప్రవాహం ఉంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, సెకనుకి కోటీ నలభై లక్షల లీటర్ల నీరు. ఒక్కసారి కనురెప్ప వాల్చి ఎత్తేలోపు ఒక చిన్న ఊరి చెరువంత నీరు ఆ సందులోంచి దాటిపోతుంది. పైనుంచి చూస్తే మాత్రం ఎర్రగా, నునుపుగా, నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది. వరద గోదావరిలో భయపెట్టేది ఆ నునుపే.

దేవీపట్నం దాటాక నది ఒక మలుపు తిరుగుతుంది. అక్కడ కొండ అడ్డం వస్తుంది. నీరు వెళ్ళి రాతిని కొట్టి, వెనక్కి తిరిగి, తనలో తానే చుట్టుకుంటుంది. ఆ చోటుకి కచ్చులూరు మందం అని పేరు. నది ఒడ్డున బతికేవాళ్ళు ఏ చోటుకీ ఊరికే పేరు పెట్టరు. ఒకప్పుడు పడవ తిరగబడితేనో, మనిషి తిరిగి రాకపోతేనో ఆ చోటుకి పేరు నిలుస్తుంది. 1964 నాటి ఉదయభాస్కర్ లాంచీ పేరు ఈ రేవుల్లో పాత తరం వాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. దాన్ని కూడా ఈ నీళ్ళే తీసుకున్నాయి. అంటే నది ముందే చెప్పింది. మందం అన్న మాటలోనే చెప్పింది. ఆ మాట అర్థమయ్యే వాళ్ళు ఒడ్డున ఉన్నారు. లాంచీలో లేరు.

ఇక్కడే కాసేపు ఆగాలనిపిస్తుంది. ఎక్కడైనా ఈ కథ పక్కకి తిరిగి ఉండేదా అని వెతకడం బతికున్నవాళ్ళకి తప్పని పని.

2017 నవంబర్ 12న కృష్ణా నదిలో, పవిత్ర సంగమం దగ్గర, పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. అప్పుడు చాలా మాటలు అనుకున్నాం. 2018 మే 15న ఇదే గోదావరిలో, ఇదే దేవీపట్నం మండలంలో, మంటూరు దగ్గర గిరిజనులు ఎక్కిన లాంచీ ఈదురుగాలికి మునిగింది. వాన జల్లు పడుతోందని తలుపులూ కిటికీలూ మూసుకున్నారు. మూసిన తలుపుల వెనకే ఉండిపోయారు. అప్పుడూ అనుకున్నాం. పదహారు నెలలు గడిచాయి. నదులు తప్పు చేసినవాడికి రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పడానికి పదహారు నెలలు ఆగాయంటే, మనకి దొరికిన సమయం తక్కువేం కాదు.

ఆ ఆదివారం ఎవరైనా ఒక్కరు రేవులో నిలబడి 'ఇవాళ వద్దు, నీరు తగ్గాక చూద్దాం' అని ఉంటే. టికెట్ డబ్బులు తిరిగిచ్చి, ఆ పూటకి ఇంకేదో ఊరు చూపించి పంపి ఉంటే. పిల్లలు అలిగి ఉండేవాళ్ళు. అలిగిన పిల్లలు ఈపాటికి పెద్దవాళ్ళయ్యేవాళ్ళు.

లైఫ్ జాకెట్లు ఉన్నాయి. వేసుకున్నారు కూడా. ఉక్కగా ఉంది, గాలి ఆడట్లేదు. కొంతదూరం వెళ్ళాక చాలామంది తీసేశారు. పక్కన పెట్టుకున్నారు, కొందరు కుర్చీకి తగిలించారు. ఇది రాస్తున్నప్పుడు వాళ్ళని తప్పుపట్టాలని నాకు ఏ కోశానా లేదు. మనమూ అంతే చేస్తాం. బస్సులో కిటికీ తెరుస్తాం, ఎండలో చొక్కా గుండీ విప్పుతాం. ప్రమాదం అనేది ఒకటుందని మనసు నమ్మని చోట శరీరం సుఖాన్నే కోరుతుంది. నమ్మించాల్సినవాళ్ళు గట్టిగా ఒక్క మాట చెప్పి ఉండాలి. ఒక జాకెట్టు బరువెంతని!

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. భోజనాల వేళ. పై అంతస్తు వాళ్ళు కొందరు కదులుతున్నారు. లాంచీ మందం దగ్గరికి వచ్చింది. ఎదురు ప్రవాహానికి ముక్కు తిప్పింది. నీరు పక్కనుంచి తోసింది. ఒక వైపు ఒరిగింది. ఒరిగిన వైపుకే కుర్చీలు జారాయి, మనుషులు జారారు. జారిన బరువు ఇంకా ఒరిగించింది. పడవ నడిపే వాళ్ళు కూడా తిరిగి రాలేదు కాబట్టి చివరి క్షణంలో వాళ్ళు ఏం చేయబోయారో అడగడానికి ఎవరూ లేరు. కింది అంతస్తు ఏసీ గది. దాని అద్దాలు మూసే ఉంటాయి. అక్కడ కూర్చున్నవాళ్ళ గురించి ఇంతకంటే రాయడానికి నా చెయ్యి రావట్లేదు.

ఇప్పుడు ఆ ఊరు.

అప్పటికి కచ్చులూరుకి పట్నాలకుండే తారురోడ్డు లేదు. ఫోను సిగ్నల్ అందేది కాదు. పాపికొండల్లో కొండరెడ్లు తరతరాలుగా ఉన్న ఒడ్డు అది. కొండమీద పోడు, కింద నది. బియ్యం తెచ్చేది నది మీదే, జబ్బు మనిషిని ఆస్పత్రికి చేర్చేది నది మీదే, చేప పట్టేది నదిలోనే. వాళ్ళ పడవలు చిన్నవి. వరదలో వాటిని కట్టేసి ఉంచుతారు, ఎందుకంటే వరదలోకి దిగకూడదని అందరికంటే బాగా తెలిసింది వాళ్ళకే. మందం లోకి అసలే దిగకూడదని తెలుసు.

తెలిసీ దిగారు.

ఈ ఒక్క మాట దగ్గర నేను ఎన్నిసార్లయినా ఆగుతాను. సుడి తిరుగుతున్న చోటికి, అంత పెద్ద లాంచీని మింగిన చోటికి, నలుగురు పట్టే చెక్కపడవలో వెళ్ళడమంటే ఏమిటో ఒడ్డున కూర్చుని ఊహించలేం. మునిగేవాడి చెయ్యి పట్టుకుంటే పడవ అటు వంగుతుంది. ఇద్దరు ఒకేసారి పట్టుకుంటే తిరగబడుతుంది. ఎవరిని ముందు అందుకోవాలి, ఎవరిని 'కాస్త ఆగు' అనాలి, ఆ లెక్క ఆ క్షణంలోనే వెయ్యాలి. ఆ లెక్క వేసినవాడు రాత్రి నిద్రలో దాన్ని మళ్ళీ మళ్ళీ వేసుకుంటాడు. ప్రపంచంలో కొండల్లో, మంచులో, లోయల్లో తప్పిపోయినవాళ్ళ కోసం వెళ్ళే స్వచ్ఛంద దళాలు చాలా దేశాల్లో ఉన్నాయి. వాళ్ళకి తాళ్ళుంటాయి, సాధన ఉంటుంది, పిలవడానికి ఒక నంబరు ఉంటుంది. కచ్చులూరు వాళ్ళకి ఉన్నది కేకలు విన్న చెవులు, తెడ్డు పట్టిన చేతులు. అంతే.

26 మంది. ఒక్కొక్కరే, ఒక్కొక్క చెయ్యే. నిజానికి ఆ రోజు ప్రాణాలతో బయటికి వచ్చినవాళ్ళంతా ఆ మొదటి కొద్దిసేపట్లోనే వచ్చారు. తర్వాత వచ్చిన ఏ యంత్రమూ, ఏ దళమూ ఒక్క ప్రాణాన్ని అదనంగా తేలేకపోయింది. ఎన్డీఆర్‌ఎఫ్ వచ్చింది, ఎస్డీఆర్‌ఎఫ్ వచ్చింది, నౌకాదళం గజ ఈతగాళ్ళు వచ్చారు, హెలికాప్టర్లు కొండల మీద తిరిగాయి. వాళ్ళ శ్రమని తక్కువ చేయను. కానీ నీటిలో మనిషికి ఉండేది నిమిషాలు. పోలవరం నుంచి, రాజమహేంద్రవరం నుంచి, విశాఖ నుంచి ఎవరు ఎంత వేగంగా వచ్చినా ఆ నిమిషాల్లోకి రాలేరు. ఆ నిమిషాల్లో ఉండగలిగింది ఆ ఊరొక్కటే.

అందుకే నాకు ఇంకో ఆలోచన వదలదు. ఆ ఊళ్ళో పది మంది కుర్రాళ్ళకి ముందే నాలుగు లైఫ్ జాకెట్లు, రెండు పొడవాటి తాళ్ళు, ఒక ఇంజను పడవ, ఒక వైర్‌లెస్ సెట్టు ఇచ్చి ఉంటే? ప్రతి ఆదివారం వందలమంది వాళ్ళ గుమ్మం ముందు నుంచి పాటలు పెట్టుకుని వెళ్ళేవాళ్ళే కదా. మందం దగ్గర నీరు ఇవాళ ఎలా ఉందని రేవు నుంచి ఒక్క మనిషి వాళ్ళని అడిగే పద్ధతి ఉండి ఉంటే? ఎంతమంది ఎక్కారో కూడా సరిగా రాసుకోని రోజులవి. మొదట అరవై చిల్లర అన్నారు, తర్వాత 73 అన్నారు, చివరికి 77 అని తేలింది. మనిషి పోయాక గానీ ఎక్కినట్టు లెక్క తేలకపోవడం కంటే చిన్నబుచ్చడం ఇంకేముంది.

తర్వాతి రోజులు రాజమహేంద్రవరం ప్రభుత్వాస్పత్రి దగ్గర గడిచాయి. కొందరు ధవళేశ్వరం బ్యారేజీ దాకా కొట్టుకుపోయి దొరికారు. చొక్కా రంగు చూసి, చేతి ఉంగరం చూసి గుర్తుపట్టారు. కడిపికొండ నుంచి వెళ్ళిన 14 మందిలో ఐదుగురు తిరిగి ఊరు చేరారు. తిరిగొచ్చిన ఐదుగురూ తొమ్మిది ఇళ్ళ ముందునుంచి నడవాలి. ఆ నడక ఎలాంటిదో.

లాంచీని పైకి తీసే పని కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం తీసుకుంది. అది కూలికి చేసే పనే, కానీ అందులో కూలిని మించిన పట్టుదల ఉంది. సెప్టెంబర్ చివర్లో మొదలుపెట్టారు. లంగర్లు వేశారు, ఇనుప తాడుతో ఉచ్చు పన్నారు, ప్రొక్లెయిన్‌తో లాగారు. తాడు తెగింది. మళ్ళీ వరద వచ్చింది, పని ఆగింది. దసరా వెళ్ళిపోయింది. నీరు తగ్గాక మళ్ళీ దిగారు. మొదట ఒక కమ్మీ ముక్క వచ్చింది. ఇంకో రోజు పైకప్పు వచ్చింది. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు అడుగుకి దిగి తాడు బిగించారు. అప్పుడు అక్టోబర్ 22న అది కదిలింది. ఒడ్డున నిలబడ్డవాళ్ళలో కేరింత లేదు. లోపల ఇంకా మనుషులున్నారని అందరికీ తెలుసు.

కొందరు ఆ లాంచీలో దొరికారు. కొందరు ఎక్కడా దొరకలేదు.

ఆ తర్వాత నదీతీరంలో కంట్రోల్ రూములు కట్టారు. గండి పోచమ్మ దగ్గర ఒకటి, పేరంటపల్లి దగ్గర ఒకటి, పోలవరం వైపు సింగన్నపల్లిలో ఒకటి, రాష్ట్రమంతా కలిపి తొమ్మిది. మంచి పనే. రేవులో ఒక గది, ఒక రిజిస్టరు, నీటిమట్టం చూసి వద్దనే ఒక ఉద్యోగి. 51 మంది కోరుకోవలసింది అంతకంటే ఏముంది. వాళ్ళకి అందకుండా వచ్చింది, అంతే.

కచ్చులూరు కూడా పోలవరం ముంపు జాబితాలో ఉన్న ఊరే. 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదికి మళ్ళించారు. అప్పటి నుంచి వరద వచ్చినప్పుడల్లా ఆ ఒడ్డుల్లో నీరు ఇదివరకటి కంటే ముందే లేస్తోంది, ఆలస్యంగా దిగుతోంది. ఒక మధ్యాహ్నం 26 మందిని నీళ్ళలోంచి తీసినవాళ్ళు తమ ఇళ్ళనీ గుడినీ చెట్లనీ అదే నీళ్ళకి ఒప్పజెప్పాల్సినవాళ్ళు. ఊరు కదిలితే మందం గురించి తెలిసిన తెలివి కూడా కదులుతుంది. కొండ ఇక్కడే ఉంటుంది, సుడి ఇక్కడే ఉంటుంది. కేక వినే చెవులు ఏ కాలనీలోనో మెరక మీద ఉంటాయి.

లాంచీ మునిగింది మహాలయ పక్షం మొదలైన రోజుల్లో. పోయినవాళ్ళకి నువ్వులూ నీళ్ళూ వదిలే పక్షం. దొరకనివాళ్ళ ఇళ్ళలో ఆ పక్షం ఏటా వస్తుంది. తిథి తెలుసు, వేళ కూడా తెలుసు, భోజనాలకి లేవబోయిన వేళ. దోసిట్లో నీళ్ళు పట్టుకుని గోదావరి వైపు తిరుగుతారు. నీళ్ళు వదలబోయిన వేళ్ళు మాత్రం కాసేపు విడివడవు.