కోరంగి నుంచి రంగూన్‌కు: బియ్యం వెంట సాగిన వలస

1839 నాటి తుపానుకు గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు దెబ్బతిని, ఓడల రాకపోకలు క్రమంగా కాకినాడకు మారినా, ఆ ఊరి పేరు మాత్రం బర్మాలో తెలుగు కూలీలందరికీ ‘కొరంగీ’ అనే పిలుపుగా మిగిలింది. 1852లో దిగువ బర్మా బ్రిటిష్ పాలనలోకి వచ్చి, 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక, ఐరావతి డెల్టా బియ్యం ప్రపంచ విపణికి విరివిగా ఎగుమతి కాసాగింది. ఆ ధాన్యాన్ని రంగూన్ మిల్లుల్లో ఆడించి, బస్తాలను ఓడలకెక్కించిన శ్రమలో పెద్దభాగం గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారిది.

అదే 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి డెల్టా పచ్చబడినా, సెంటు భూమి లేని కూలీలకు ఆ సిరిలో దక్కింది స్వల్పం. వారిని బర్మా పనులకు సమీకరించినది మేస్త్రీ పద్ధతి, అంటే ప్రయాణ ఖర్చుకు ముందుగా బయానా ఇచ్చి, ఆ అప్పును కూలిలోంచి రాబట్టుకుంటూ మనిషిని కట్టిపడేసే ఏర్పాటు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంపు కోసం సమ్మె చేయగా, యజమానులు వారి స్థానంలో బర్మీయులను నియమించి, సమ్మె ముగిశాక ఆ బర్మీయులను తొలగించడంతో అల్లర్లు చెలరేగి ఎందరో తెలుగువారు ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాన్ దాడి వేళ లక్షలాది భారతీయులు బర్మాను వీడగా, వారిలో అనేకులు కాలినడకన కొండలు దాటారు. ప్రపంచానికి అన్నం అందించిన ఆ చేతుల చరిత్ర ఆనకట్ట చరిత్రతో సమానంగా స్మరించదగినది.