కాటికాపరి వంశము

మనలి యనగానే సంగీతప్రియులకు స్ఫురించునది దీక్షితుల కుటుంబము. రామస్వామి దీక్షితులవారిని తిరువారూరు నుండి రప్పించి తన యింట నిలిపి గౌరవించినవాడు మనలి ముద్దుకృష్ణ మొదలియారు. ఆయన కుమారుడు వేంకటకృష్ణ మొదలియారు, జనులు చిన్నయ్య మొదలియారని పిలిచినవాడు, ఆ యాదరమును తగ్గనీయలేదు. దీక్షితులవారు నూటయెనిమిది రాగతాళములతో కూర్చిన మాలికకు సాహిత్యము తెలుగే. తండ్రి విద్య ముత్తుస్వామి, చిన్నస్వామి, బాలస్వాములకు సంక్రమించినది. ఆ వంశీయులగు సుబ్బరామ దీక్షితులవారు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో ప్రకటించి దానిని నిలిపిరి.

అయితే తండ్రినుండి కొడుకునకు సంక్రమించిన విద్య ఆ యూర నదియొక్కటియే కాదు. ఆ కాలమున మనలిలో మరణించినవారి చితులను పేర్చినవా రెవరు? మేమెరిగిన యే గ్రంథమునను వారి పేరు కానరాదు.

తమిళ గ్రామములలో వీరిని వెట్టియాన్ అందురు. మనవారు కాటికాపరి యందురు. వెట్టియాన్ అను పేరు కూలిలేని వెట్టిచాకిరినుండి వచ్చెనో, త్రవ్వుట యను నర్థము గల ధాతువునుండి వచ్చెనో పండితులు తేల్చుకొందురు గాక. ఆ బ్రతుకు చూచినవారికి రెండును సరిపోవుననియే తోచును. చావు చాటుట, గుంట త్రవ్వుట, కట్టె పేర్చుట, అందరును వెడలిపోయిన పిమ్మట నిప్పు చల్లారువరకు ఒంటరిగా కావలియుండుట వీరి విధులు. పంటనాడు కళ్లమున గింజలలో కొంత మేర, శవముపై కప్పిన బట్ట, చిల్లర డబ్బులు వీరికి ముట్టుచుండెడివి.

ఇది నేర్పులేని పని యని తలచుట పొరపాటు. మన పల్లెలలో చితి కట్టెలతో లేచి బాహాటముగా మండును. చెన్నపట్టణపు చుట్టుపట్ల నట్లు కాదు. పిడకలు పరచి, శవమును పరుండబెట్టి, మరల పిడకలతోను గడ్డితోను కప్పి, పైన బురదమట్టి మెత్తుదురు. లోపలి నిప్పు తొందరపడక రాత్రియంతయు కాలవలెను. గాలికి సందులెచ్చట నుంచవలెనో, వానకాలమున మట్టి యెంత మందముగా మెత్తవలెనో, మరునాడు ఎముకలేరుకొనుటకు వచ్చిన బంధువులకు ఏది యెట్లు చూపవలెనో, ఇవి యన్నియు కుమారుడు తండ్రి ప్రక్కన నిలిచి నేర్చుకొన్నవే.

మనలికి తూర్పుననే యున్న తిరువొత్తియూరులో పట్టినత్తారు సమాధి కలదు. ఆ యోగి తన తల్లి మరణించినపుడు ఎండుకట్టెలను కాదని పచ్చి అరటిబోదెలు పేర్చి, పాట పాడి అగ్నిని రప్పించెనని ఐతిహ్యము. మనవంటివారికి అంతటి తపస్సు లేదు గనుక ఎండుకట్టెయు, దానిని పేర్చు నేర్పరియు కావలెను.

ఆ నేర్పరికి మనము చేసిన మర్యాద యేమి? హరిశ్చంద్రుడు కాటిలో కావలి కాచుచుండగా ప్రేక్షకులు కన్నీరు కార్చిరి. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి నాటకమున కాటి సీను వచ్చువరకు తెల్లవారుజామైనను కదలనివారు కోకొల్లలు. ఆ సీనులో నటులు గుఱ్ఱం జాషువగారి శ్మశానవాటి పద్యములు చేర్చి పాడుట పరిపాటియైనది. అస్పృశ్యతా బాధను స్వయముగా ననుభవించిన కవి వ్రాసిన పద్యములవి. ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసినవారే తెల్లవారినంతనే తమ యూరి కాటికాపరిని వీధిలోనికి రానీయలేదు. రాజు చేసినపుడు సత్యవ్రతము, వీరబాహుని జాతివాడు చేసినపుడు మైల!

1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము శ్మశానములలో ప్రవేశమునకు అడ్డుపడుటను నేరముగా చేసినది. అయినను కులమునకొక కాడు గల పల్లెలు నేటికిని కలవు. వృత్తిని వంశమునకు కట్టివేసిన త్రాడు మాత్రము పట్టణములలో సడలుచున్నది. చెన్నైలో కీళ్పాక్కము ప్రాంతపు వేలంగాడు శ్మశానవాటిక నిర్వహణను 2014లో ఒక సేవాసంస్థ చేపట్టి స్త్రీలకు అప్పగించినది. శ్మశానపు గడప త్రొక్కరాదని మనము చెప్పుచు వచ్చిన స్త్రీలే అచ్చట నిలిచి దుఃఖితులను ఓదార్చిరి. తండ్రి చేసినాడు గనుక తప్పనిసరియై చేయుట వేరు, ఎవరో యొకరు చేయవలెను గదా యని వచ్చుట వేరు. మొదటివారికి మనము కూలియైనను సరిగా ఇయ్యలేదు. రెండవవారికి సన్మానములు చేయుచున్నాము. సన్మానము తప్పని మేమనము. కాని ఆ శాలువలో సగము మొదటివారిది.

ఆ వేలంగాటిలోనే 2020 ఏప్రిల్ 19వ తేదీ రాత్రి జరిగినది మరువరానిది. కొరోనా సోకి మరణించిన నాడీశస్త్ర వైద్యుడు సైమన్ హెర్క్యులీస్‌గారి శవమును పూడ్చనీయక గుంపులు రాళ్లు రువ్వినవి. వెంటవచ్చినవారు గాయపడి చెదరిపోయిరి. ఆ నెలలోనే తమిళనాడు ప్రభుత్వము అంటువ్యాధితో మరణించినవారి అంత్యక్రియలను అడ్డగించుటను నేరముగా ప్రకటించు అత్యవసర శాసనము తెచ్చినది. ఆ రాత్రి మాత్రము ఏ శాసనమును తోడురాలేదు. చనిపోయినవారి సహవైద్యుడొకరు, ఇద్దరు ఆసుపత్రి పనివారితో మరలివచ్చి, చీకటిలో తానే పార పట్టి మట్టి కప్పెను. ఆయనకు ఆ పని నేర్పిన తండ్రి లేడు.