వెన్న లేని వెన్న

పెన్సిల్వేనియాలో మా అక్క కూతురింట్లో ఉన్న రోజుల్లో పక్కింటావిడ ఓ గాజుసీసా తెచ్చి ఇచ్చి వెళ్ళింది. సీసా నిండా ముదురు గోధుమరంగు ముద్ద. చూడటానికి అచ్చం మా ఊరి ఆచారిగారి లేహ్యమే! పైనున్న చీటీ మీద మాత్రం 'ఆపిల్ బటర్' అని ఉంది. బటరంది కదా అని వేడి వేడి దోశ మీద ఓ చెంచాడు వేసుకున్నాను. ఎంతసేపు చూసినా కరగదే!

"పిన్నీ, అందులో వెన్న లేదు. ఉత్త ఆపిల్ పళ్ళే" అని మా పిల్ల ఒకటే నవ్వు.

వెన్నలా రొట్టెకి రాసుకుంటారు గనక ఆ పేరట. నేతిబీరకాయలో నెయ్యెంతో ఇందులో వెన్నా అంతే. నవ్వితే నవ్వింది గాని, రుచి మాత్రం నాలిక్కి పట్టేసింది. పులుపూ తీపీ, వెనకాల దాల్చినచెక్క, లవంగం. ఆ రుచి వెంటపడి చదవడం మొదలుపెట్టాను.

లేహ్యమని నేను వేళాకోళానికి అన్నమాట తీరా చూస్తే నిజమైంది. పెన్సిల్వేనియాలోని జర్మన్ సంతతివాళ్ళు తమ యాసలో దీన్ని 'లాట్‌వరిక్' అంటారు. అది జర్మన్ మాట 'లాట్‌వెర్గె' నుంచి వచ్చింది. దాని పుట్టిల్లు లాటిన్‌లో 'ఎలెక్చువేరియం'. అంటే, పాతకాలపు యూరప్ వైద్యులు మందుపొడిని తేనెలో రంగరించి నాకించే ముద్ద. ఆ మాటకి మూలం గ్రీకులో 'నాకడం'. మన లేహ్యం కూడా 'నాకడం' అనే సంస్కృత ధాతువులోంచే పుట్టింది. భాషాశాస్త్రజ్ఞులు ఆ రెండు ధాతువులూ అక్కచెల్లెళ్ళే అంటారు. దోశ మీద వేసుకున్నది నా పొరపాటేమీ కాదన్నమాట, చుట్టరికమే!

1683లో ఫిలడెల్ఫియా పక్కన జర్మన్‌టౌన్ అనే ఊరు వెలిసింది. ఆ తర్వాత శతాబ్దంలో రైన్ నది దగ్గరి పల్లెలనుంచి వేలాది కుటుంబాలు అక్కడికి తరలివెళ్ళాయి. వాళ్ళని 'డచ్చి'వాళ్ళంటారు గాని డచ్చివాళ్ళు కారు. 'డాయిచ్' అంటే జర్మన్ అని. 'డచ్చి' అన్నది ఆ మాటకి చుట్టమే. పుట్టిన దేశంలో ప్లమ్ పళ్ళతో వండుకునే ముద్దని, కొత్త దేశంలో విరగకాసిన ఆపిల్‌తో వండుకున్నారు.

అసలు మనం తినే ఆపిల్ కూడా అమెరికాది కాదు. దాని పుట్టిల్లు కజకిస్తాన్ కొండలు. ఇక్కడ జాన్ చాప్‌మన్ (1774-1845) అనే ఆయన సంగతి చెప్పాలి. ఒహాయో, ఇండియానా ప్రాంతాల్లో తిరిగి ఆపిల్ మొక్కల తోటలు వేసినాయన. 'జానీ ఆపిల్‌సీడ్' అని పిల్లల కథల్లోకి ఎక్కాడు. 1966లో ఆయన పేర తపాలాబిళ్ళ కూడా వేశారు. సంతోషమే. మరి ఆ చెట్లు కాసిన కాయలన్నీ కోసి, తరిగి, వండి, చలికాలమంతా పిల్లలకి పెట్టిన ఆడవాళ్ళకో?

వాళ్ళ పని ఎలా సాగేదో చెబుతాను, వినండి. ముందురోజు రాత్రి ఇరుగుపొరుగు అంతా ఒకింట్లో చేరి పళ్ళు చెక్కు తీసి ముక్కలు కోసేవారు. అలా కోసిన ముక్కని 'ష్నిట్స్' అంటారు. తెల్లారకముందే పెరట్లో కట్టెలపొయ్యి మీద రాగి గంగాళం ఎక్కేది. 30 గేలన్ల గంగాళాలుండేవి, అంటే మన లెక్కలో నూటపది లీటర్ల పైమాటే. అందులో ముందు ఆపిల్ రసం పోసి సగానికి మరిగించాలి. ఆ రోజుల్లో పంచదార కొనాలంటే డబ్బుతో పని. రసం ఇగిరితే దాని తీపే సరిపోయేది. మన బెల్లం బట్టీల్లో చెరుకురసం మరిగించినట్టే అనుకోండి. తర్వాత ముక్కలు వేసి పొద్దుగూకేదాకా కలుపుతూనే ఉండాలి. ఓ నిమిషం ఏమరిస్తే అడుగంటుతుంది. అడుగంటితే ఆ కంపు గంగాళమంతా పాకుతుంది, చలికాలపు తిండి కాస్తా పోయినట్టే.

తెడ్డు సంగతి ముచ్చటైనది. బల్లకి బెజ్జాలుంటాయి, దానికి అడ్డంగా బారెడుకన్న పొడుగైన కర్ర. మంట సెగ తగలకుండా దూరంగా నిలబడి కలపడానికి. ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ కలిసి ఆ కర్ర పట్టుకోవడం ఆనవాయితీ. అలా కుదిరిన పెళ్ళిళ్ళు ఎన్నో ఉండే ఉంటాయి. అడుగంటకుండా గంగాళంలో రాగినాణాలు కూడా వేసేవారు. తెడ్డు తగిలినప్పుడల్లా అవి అడుగున దొర్లుతూ గీరుతుంటాయి. 1982లో అమెరికావాళ్ళు ఒక సెంటు నాణెంలో రాగి తీసేసి జింకు పెట్టి పైన రాగిపూత పూశారు. అందుకని తెలిసినవాళ్ళు అంతకుముందు నాటి పాతవే ఏరి దాచుకుంటారు.

రాగిలో పులుపు వండితే చిలుము పడుతుందని మన ఇళ్ళలో ఎవరికి తెలియదు? వాళ్ళకీ తెలుసు. ఉప్పూ వినిగరూ పెట్టి గంగాళాన్ని బంగారంలా మెరిసేదాకా తోమి, వంట కాగానే చల్లారనివ్వకుండా మట్టిజాడీల్లోకి ఎత్తేసేవారు. పాకం చూసే పద్ధతి కూడా ఉంది. సాసర్లో చెంచాడు వేస్తే చుట్టూ నీరు ఊరకూడదు. ఊరిందా, మళ్ళీ తెడ్డు పట్టాల్సిందే! గాజుసీసాలకి మరమూత బిగించే ఉపాయానికి మేసన్ అనే ఆయన పేటెంటు పొందింది 1858లో. ఆ సీసాలు వచ్చాక జాడీల పని తగ్గింది.

ఇంగ్లీషు కాలువలోని జెర్సీ ద్వీపంలో కూడా ఇటువంటిది ఉంది. పేరు 'నల్ల వెన్న'. అందులో అతిమధురం వేస్తారు, రాత్రల్లా పాటలు పాడుకుంటూ కలుపుతారు. అన్నట్టు, నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ 1808 డిసెంబరులో అక్క కసాండ్రాకి రాసిన ఉత్తరంలో తమ ఇంటి నల్ల వెన్న సరిగ్గా గట్టిపడలేదనీ, తీపి కూడా చాలలేదనీ చెప్పుకుంది. అంతటి ఆవిడకీ పాకం తప్పిందని చదివాక నాకెంత ధైర్యం వచ్చిందో!

ఇప్పుడు ఈ వంట ఉత్సవమైపోయింది. వెస్ట్ వర్జీనియాలో బర్క్లీ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో అక్టోబరులో వీధిలోనే గంగాళాలు పెట్టి వండుతారు. పొగ, వాసన, సంబరం, అన్నీ ఉంటాయి. ఉండాల్సిందే. కాని పక్కింటావిడ నాతో అన్న మాట వేరు. వాళ్ళ నాయనమ్మకి అక్టోబరు వస్తే భయం వేసేదట. రెండు భుజాలూ పట్టేసి వారందాకా జడ వేసుకోలేకపోయేదట. ఆ నాయనమ్మ గంగాళం ఆవిడ గుమ్మం పక్కనే ఉంది. అందులో చేమంతులు పెంచుతోంది. "అడుగు పలచబడిపోయింది, ఇంక పొయ్యిమీదకి పనికిరాదు" అంది, అంచు చేత్తో నిమురుతూ. సీసాలో నాకిచ్చింది రాత్రి కరెంటుకుక్కర్లో పడేసి, హాయిగా నిద్రపోయి, పొద్దున్నే తీసిందట. ఆ నిద్రని నేను తప్పుపట్టను. పాటలు పోయాయని బాధపడేవాళ్ళు ముందు ఓ పూట తెడ్డు పట్టి చూడాలి.

ఇంటికి తిరిగొచ్చాక నేనే పట్టాను. మూడు కిలోల సిమ్లా ఆపిల్ కొన్నాను. ఆ సిమ్లా ఆపిల్‌కీ పెన్సిల్వేనియాకీ చుట్టరికం ఉంది సుమండీ. ఫిలడెల్ఫియాలో 1882లో పుట్టిన శామ్యూల్ స్టోక్స్ 1904లో మన దేశం వచ్చి, సిమ్లా పైన కోట్‌గఢ్‌లో స్థిరపడి, 1916లో అమెరికానుంచి తెప్పించిన డెలిషస్ జాతి మొక్కలు నాటాడు. గాంధీగారి ఉద్యమంలో జైలుకెళ్ళాడు. 1932లో సత్యానంద్ అయ్యాడు.

ఒక కిలో పళ్ళ రసం తీసి మరిగించి, మిగతావాటి ముక్కలు వేసి, మూడున్నర గంటలు సన్నసెగన కలిపాను. రంగు వచ్చింది, వాసన వచ్చింది. సాసర్లో వేస్తే కాస్తంత నీరు ఊరింది. ఇంకో పదినిమిషాలు చాలనుకుంటుండగా ఫోను మోగింది. మా అక్క. తెడ్డు వదిలేసి వెళ్ళాను. వచ్చేసరికి అడుగంటింది.

పైపైన తీసిన రెండు సీసాల్లో ఒకటి అక్కకే పంపించాను. కాస్త మాడువాసన ఉందే అంది. ఎవరివల్లో చెప్పాను. పాత ట్రంకుపెట్టెలో మా అమ్మమ్మ దాచిన రాగి కాణీలు ఉండాలి. ఈసారి వాటిని వెతికి, తోమి, అడుగున వేసి చూస్తాను.