మట్టి సిపాయిల చెవులు

షియాన్‌లో ఉంటున్నవాళ్ల ఇంటికి చుట్టాలొస్తే మొదట తీసుకెళ్లేది మట్టి సిపాయిలు బయటపడ్డ లింటోంగ్‌కే. 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పున్న ఒకటో గుంటలోకి పైనుంచి చూడగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "అన్నీ ఒకే అచ్చులో తీసినట్టున్నాయే!"

1974 మార్చిలో, వానల్లేని రోజుల్లో, ఇక్కడి రైతులు బావి తవ్వుతుంటే కాల్చిన మట్టి ముక్కలు బయటపడ్డాయి. క్రీ.పూ. 221లో చైనానంతా ఒక్క ఏలుబడి కిందికి తెచ్చిన చిన్ షి హువాంగ్, పోయాక కూడా తనకు కాపలా ఉండాలని పాతిపెట్టించిన సైన్యం అది. మొత్తం 8,000 దాకా బొమ్మలుంటాయని అంచనా. ఆ తర్వాత నూరేళ్లకు చరిత్ర రాసిన సిమా చియన్, సమాధిలో పాదరసం నదుల్లా పారిందన్నాడు, ఏడు లక్షల మంది పనిచేశారన్నాడు. సైన్యం ఊసు మాత్రం ఎత్తలేదు. ఇక కుమ్మరుల సంగతి ఎవరికి కావాలి? అయినా బొమ్మల మీద గీసిన, ముద్ర వేసిన పేర్లు 80కి పైగా దొరికాయి. కీర్తి కోసం కాదు లెండి, పని చెడితే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి!

ఆ పనివాళ్ల సంగతి మరికాస్త చెప్పింది కెమెరా. సిపాయిల మధ్య మనిషి దూరే సందు లేదు, తగిలితే విరిగే ప్రమాదం. అందుకని లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు, ఇక్కడి మ్యూజియం వాళ్లు కలిసి దూరం నుంచే రకరకాల కోణాల్లో ఫోటోలు తీసి, కంప్యూటర్లో త్రీడీ రూపాలు కట్టారు. 30 మంది సిపాయిల చెవులు పోల్చి 2014లో ఫలితం ప్రచురించారు. ఏ రెండూ అచ్చంగా ఒకేలా లేవు! అచ్చులు వాడింది నిజమే, అవయవాలు విడివిడిగా చేసి అతికిందీ నిజమే. ఆఖరి మెరుగు మాత్రం చేత్తోనే దిద్దారు.

రెండో గుంటలో మోకాలి మీద కూర్చున్న విలుకాడి చెప్పు అడుగు చూడండి. వేళ్ల దగ్గర, మడమ దగ్గర కుట్లు ఒత్తుగా, మధ్యలో పలచగా ఉంటాయి. ఎవరికీ కనబడని చోట కూడా అంత శ్రద్ధ!

రంగుల విషయంలోనే అసలు చిక్కు. ఇవన్నీ ఒకప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, ఊదా రంగుల బొమ్మలు. రంగు కింద చెట్టు పాలతో వేసిన పూత ఉంటుంది. రెండువేల ఏళ్లు చెమ్మలో ఉన్న ఆ పూత, పొడిగాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే చుట్టుకుపోయి రాలిపోతుంది. బవేరియా నిపుణులతో కలిసి రసాయనాలతో దాన్ని నిలిపే పద్ధతి కనిపెట్టారు గానీ, మొదట్లో తవ్వినవాటికి పోయిన రంగు పోయినట్టే. త్రీడీ నమూనా చెవి వంపును దాచగలదు గానీ, అప్పటికే రాలిన రంగును తిరిగి తేలేదు.

చక్రవర్తి అసలు సమాధిని చైనా ఇంతవరకూ తెరవలేదు. తెరవకపోవడమే మంచిది.